గుడిసెవాసుల పక్షాన నిలిచిన నటి షబానా ఆజ్మీ

మన సంఘం ప్రత్యేక సంచికలో సినిమా తార గురించి వ్యాసం ఏమిటని కొందరికి అనిపించవచ్చు. తన పేరుప్రతిష్ఠలను నిలువనీడ లేనివారి కోసం వినియోగించిన నటి కనుకనే రాస్తున్నాను.

షబానా ఆజ్మీ 1950 సెప్టెంబర్ 18న మన హైదరాబాదులోనే జన్మించారు. తండ్రి ప్రసిద్ధ ఉర్దూ కవి కైఫీ ఆజ్మీ. తల్లి షౌకత్ హైదరాబాదు ఆడపడుచు, రంగస్థల నటి. ఇద్దరూ వామపక్ష ఉద్యమంలో పనిచేసినవారే. షబానా బాల్యం బొంబాయిలో గడిచింది. పూనా ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో నటన నేర్చుకున్నారు.

1974లో శ్యామ్ బెనెగల్ తీసిన ‘అంకుర్’ ఆమెకు పేరు తెచ్చింది. తెలంగాణ పల్లెలో భూస్వామి కొడుకు వంచనకు గురైన దళిత స్త్రీ లక్ష్మి పాత్ర అది. ఆమె నోట దక్కనీ యాస విన్నప్పుడు మన ఇరుగుపొరుగు మాటలే విన్నట్లు నాకు తోచింది. ఆ పాత్రకు జాతీయ ఉత్తమ నటి బహుమతి లభించింది. తరువాత ‘అర్థ్’, ‘ఖండహర్’, ‘పార్’, ‘గాడ్‌మదర్’ చిత్రాలకూ అదే బహుమతి వచ్చింది. మన పోచంపల్లి నేత కార్మికుల బతుకును చూపిన ‘సుస్మన్’ (1987)లోనూ ఆమె నటించారు.

అయితే తెర మీద పేదరాలిగా నటించి, చిత్రీకరణ ముగిశాక ఆ సంగతి మరచిపోలేదు. 1986లో బొంబాయిలో సంజయ్ గాంధీ నగర్ గుడిసెలను అధికారులు కూల్చివేశారు. అక్కడి నివాసులతోనూ, డాక్యుమెంటరీ దర్శకుడు ఆనంద్ పట్వర్ధన్‌తోనూ కలిసి ఆమె నిరాహార దీక్షకు కూర్చున్నారు. చివరకు ప్రభుత్వం దిగివచ్చి ప్రత్యామ్నాయ స్థలం ఇవ్వడానికి అంగీకరించింది. ‘నివారా హక్’ సంస్థ ద్వారా ఆ కృషి ఆ తరువాత కూడా కొనసాగింది.

1989లో మత సామరస్యం కోసం స్వామి అగ్నివేశ్ తదితరులతో ఢిల్లీ నుంచి మీరట్‌కు పాదయాత్ర చేశారు. 1997 నుంచి 2003 వరకు రాజ్యసభ నామినేటెడ్ సభ్యురాలిగా ఉన్నారు. 1988లో పద్మశ్రీ, 2012లో పద్మభూషణ్ అందుకున్నారు.

సంజయ్ గాంధీ నగర్ విజయం ఒక్క తారది మాత్రమే కాదని నా అభిప్రాయం. ఇళ్లు పోయినా చెదిరిపోకుండా నిలబడిన ఆ నివాసులది మొదటి స్థానం. వారి గొంతు అధికారుల చెవిన పడడానికి ఆమె పేరు తోడ్పడింది. వినతిపత్రాలు పట్టుకుని కార్యాలయాల చుట్టూ తిరిగిన మనకు ఆ తోడ్పాటు విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. మనలో పలుకుబడి, అనుభవం ఉన్నవారు సాటి పింఛనుదారుల వెంట నాలుగడుగులు నడిస్తే చాలు, ఎన్నో పనులు నెరవేరుతాయి.