రోమునగరంలో పాత చర్చిలు

రోమునగరం నడిబొడ్డున ఫోరమ్ అనే ప్రాచీన శిథిల ప్రాంగణం ఉన్నది. ఒకప్పుడు రోమక ప్రభువుల సభలు, న్యాయస్థానాలు, దేవాలయాలు అక్కడనే ఉండేవి. ఆ శిథిలాల అంచున ఒక కట్టడానికి నేల విడిచిన తలుపు ఒకటి కనిపిస్తుంది. ప్రాచీనపు మెట్లెక్కి స్తంభాల నడుమకు పోయి నిలిచినా ఆ తలుపు మన తలలకంటె చాల ఎత్తున ఉంటుంది. లోపలినుండి ఎవరైనా పొరపాటున తెరచి అడుగు ముందుకు వేస్తే కాలు చేయి విరగక తప్పదు.

ఈ వింతకు కారణం సులభమే. ఆంటొనైనస్ పయస్ చక్రవర్తి గతించిన తన భార్య ఫౌస్టీనా పేర క్రీ.శ. 141లో అక్కడ ఒక దేవాలయం కట్టించినాడు. 161లో ఆయన మరణించిన తరువాత అది ఇద్దరి పేరా వెలసినది. మధ్యయుగంలో ఆ దేవాలయంలోనే క్రైస్తవులు చర్చి నెలకొల్పినారు. అప్పటికి ఫోరమ్ మట్టితో, చెత్తతో పూడిపోయి, తరువాతి కాలంలో పశువుల బయలు అనే పేరుతో మందలు మేసే చోటయినది. చర్చి తలుపును ఆనాటి నేలమట్టానికి పెట్టినారు. ఆ తరువాత పురాతత్త్వజ్ఞులు మట్టిని తోడివేయగా నేల కిందికి దిగినది, తలుపు మాత్రం ఆకాశంలో నిలిచిపోయినది.

ఆ తలుపు ముందున్న పది ఏకశిలాస్తంభాలు నేటికీ పడకుండా ఉన్నవి. ఇరుగుపొరుగున ఉన్న దేవాలయాలలో ఒకదానికి మూడు స్తంభాలు మిగిలినవి, మరొకదానికి పునాదిరాళ్ళే మిగిలినవి. ఆ పది స్తంభాలు నిలవటానికి వాటి వెనుక ఒక చర్చి బ్రతికి ఉండటమే ప్రధాన కారణం. రోములో చర్చిలు చూడబోయే యాత్రికుడు ఈ తలుపు దగ్గరనే మొదలుపెట్టటం మంచిదని నా అభిప్రాయం. ఆ నగరంలో తొమ్మిదివందల చర్చిలు ఉన్నవంటారు. అన్నీ చూడబోయినవానికి చివరకు బంగారుపూత, చలువరాయి తప్ప వేరేమీ జ్ఞాపకముండదు. మూడు నాలుగు చర్చిలను నిదానంగా చూచినవానికి ప్రాచీన రోము ఎట్లా బ్రతికినదో, ఎట్లా చచ్చినదో రెండూ తెలుస్తవి.

బ్రతికినదానికి గొప్ప ఉదాహరణ పాంథియన్. దాని ముఖద్వారంమీద అగ్రిప్పా పేరు చెక్కి ఉన్నది కాని, ఆయన క్రీస్తుకు పూర్వం కట్టించినది అగ్నికి ఆహుతి అయినది. నేడు మనం చూచేది 2వ శతాబ్దారంభంలో ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తుల కాలంలో వెలసినది. గుమ్మటం అడ్డుకొలత 43 మీటర్లు. నేలనుండి దాని శిఖరం ఎత్తు కూడ అంతే. ఇనుపకమ్ములు లేని కాంక్రీటుతో కట్టిన గుమ్మటాలలో దీనిని మించినది నేటివరకు లేదు. నడినెత్తిన గుండ్రని రంధ్రం ఒకటి వదలినారు. ఎండ ఎంత స్వేచ్ఛగా లోపలికి వస్తుందో వానకూడ అంతే స్వేచ్ఛగా వస్తుంది. నేలను కొంచెం వాలుగా చేసి నీరు పోవటానికి తూములు పెట్టినారు.

609లో కాన్‌స్టాంటినోపిల్‌లో ఉన్న ఫోకస్ చక్రవర్తి ఈ కట్టడాన్ని నాలుగవ బోనిఫేస్ పోపుకు ఇచ్చినాడు. పోపు దానిని కన్యమరియకు, మృతవీరులకు అంకితం చేసినాడు. ఆనాటినుండి దానికి పూజ ఉన్నది, పూజారి ఉన్నాడు, కప్పు కారితే బాగుచేయించే యజమాని ఉన్నాడు. అయినా దోపిడి తప్పలేదు. 663లో రెండవ కాన్‌స్టాన్స్ చక్రవర్తి రోమును దర్శించవచ్చి కప్పుమీది కంచురేకులు ఊడదీయించుకొని పోయినాడు. 17వ శతాబ్దంలో ఎనిమిదవ అర్బన్ పోపు ముఖమండపంలోని కంచుదూలాలను కరగించి కోటకు ఫిరంగులు పోయించినాడు. ఈ పోపు ఇంటిపేరు బార్బెరీని. ఆటవికులకు లాటిన్‌లో బార్బరీ అని పేరు. ఈ రెండు మాటలు కలిపి రోము పౌరులు అల్లిన ఎత్తిపొడుపు నేటికీ చెప్పుకుంటారు. చక్రవర్తి అన్యుడనుకొన్నా, పోపు ఆ చర్చికే పెద్దదిక్కు గదా!

ఈ పాంథియన్‌లోనే చిత్రకారుడు రాఫేలు సమాధి ఉన్నది. ఆయన 1520లో, 37 ఏళ్ళ వయస్సులో కన్నుమూసినాడు. చనిపోవటానికి కొద్దికాలం ముందు పదవ లియో పోపును ఉద్దేశించి ఒక లేఖ సిద్ధపరచినాడు. ప్రాచీనుల విగ్రహాలను, చలువరాతి పలకలను బట్టీలలో కాల్చి సున్నం చేస్తున్నారని, కొత్త రోము అంతా ఆ సున్నంతోనే లేస్తున్నదని అందులో వాపోయినాడు. ఆ మాటలు వ్రాసినవాడు సెయింట్ పీటర్ చర్చికి స్వయంగా ప్రధానశిల్పి. 1515లో పోపు ఆయనకిచ్చిన ఆజ్ఞాపత్రంలో రెండు విషయాలున్నవి. రోములోను, చుట్టుపట్లను త్రవ్వకాలలో దొరికే రాళ్ళను ఆ చర్చి నిర్మాణానికై కొనే అధికారం మొదటిది. శాసనాలున్న రాళ్ళను ఆయన అనుమతి లేనిదే ఎవరూ కోయరాదనటం రెండవది. రక్షణ, భక్షణ రెండూ ఒకే కాగితంమీద, ఒకే మనిషి చేతికి వచ్చినవి. పాత కట్టడాలను గురించి మాట్లాడే వారందరికీ ఈ చిక్కు తెలిసినదే. ఇంతకూ ఆ కొత్త చర్చి కోసం పడగొట్టినది కాన్‌స్టాంటైన్ కాలంలో మొదలై, పన్నెండువందల ఏళ్ళు దగ్గరపడుతున్న క్రైస్తవుల చర్చినే. 1506లో శంకుస్థాపన జరిగినది. అనుమతి ఇచ్చినవాడు పోపే.

సున్నపుబట్టీల మాట వింటే కృష్ణాతీరాన ఉన్న అమరావతి మన మనస్సులో మెదలకమానదు. 18వ శతాబ్దాంతంలో మెకంజీదొర అక్కడకు వచ్చేనాటికే ఆ మహాస్తూపపు పలకలను కట్టుబడులకు తరలిస్తున్నారు. సున్నంగా కాలిపోయిన శిల్పాలు కూడ ఉన్నవి. అప్పటికి ఆ స్తూపం దగ్గర దీపం పెట్టే బౌద్ధుడు లేడు. పాంథియన్‌కు ఉన్న అదృష్టం దానికి లేకపోయినది.

డయొక్లీషియన్ స్నానశాలలది మరొక తీరు. 537లో గోతులు రోమును ముట్టడించి నీటికాలువలు తెగగొట్టినప్పుడు ఆ స్నానశాలలు ఎండిపోయినవి. వెయ్యేళ్ళ తరువాత, 1561లో, నాలుగవ పయస్ పోపు వాటిలోని మహామందిరాన్ని చర్చిగా మార్చుమన్నాడు. ఆ పని మైకెలాంజిలోకు వచ్చినది. అప్పటికి ఆయనకు 86 ఏళ్ళు. ఆ వృద్ధశిల్పి చేసిన గొప్ప పని ఏమంటే, చాలవరకు ఏమీ చేయకపోవటం. ఎర్రని ఎనిమిది మహాస్తంభాలను, పైకప్పును ఉన్నవున్నట్లు నిలుపుకొన్నాడు. తరువాతివారు ఆ సంయమనం పాటించలేదు. 1702లో బియాంకినీ అనే జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు నేలమీద పొదిగించిన మధ్యాహ్నరేఖ అక్కడ చూడదగినది. గోడలోని చిన్న కంతనుండి వచ్చే ఎండ సరిగా మిట్టమధ్యాహ్నం ఆ రేఖను దాటుతుంది.

ఒక్క చర్చి చూడటానికే వ్యవధి ఉన్నవారు కొలోసియం దగ్గర ఉన్న సెయింట్ క్లెమెంటు చర్చికి వెళ్ళవలెను. పైన ఉన్నది 12వ శతాబ్దపు చర్చి. గర్భగృహం వెనుక రంగురాళ్ళు పొదిగిన చిత్రంలో ఒక శిలువ ఉన్నది. దానిమీద పన్నెండు పావురాలు, మొదటినుండి చుట్టలు చుట్టలుగా పాకిన తీగెలు. ఇదే ప్రాచీన చర్చి అని వందల ఏళ్ళు అందరూ నమ్మినారు. 1857లో ఆ మఠానికి పెద్ద అయిన ఐర్లండు సన్యాసి జోసెఫ్ ములూలీ కింద త్రవ్వించగా 4వ శతాబ్దపు చర్చి బయటపడినది. 12వ శతాబ్దపువారు దానిని మట్టితోను రాళ్ళతోను కూరి, దాని నెత్తిన తమ చర్చి నిలిపినారన్నమాట. అట్లా పూడ్చటంవల్లనే దాని గోడలమీది బొమ్మలు మిగిలినవి.

ఆ బొమ్మలలో ఒకటి చూచి నవ్వుకోవచ్చును. సిసినియస్ అనే ధనికుడు సెయింట్ క్లెమెంటును కట్టి ఈడ్చుకొని రమ్మని సేవకులను పురమాయించినాడు. వారి కళ్ళకు మాయ కమ్మి, ఒక రాతిస్తంభాన్ని ఆయనే అనుకొని లాగుతున్నారు. యజమాని వారిని తిట్టే తిట్లు పక్కనే వ్రాసి ఉన్నవి. మహాత్ముని వాక్యం లాటిన్‌లో, తిట్లు మాత్రం వీధిలో మాట్లాడే భాషలో! 11వ శతాబ్దాంతపు ఈ తిట్లు ఇటాలియన్ వాడుకభాషకు మిగిలిన తొలి నిదర్శనాలలో ఒకటిగా నేడు పండితుల గౌరవం అందుకొంటున్నవి. మన గ్రాంథిక వ్యావహారిక వాదాలు ఎరిగినవారికి ఇది ముచ్చట గొలుపుతుంది.

ఇంకా కిందికి మెట్లున్నవి. అక్కడ ప్రాచీన రోమకుల ఇటుక గోడలు, వాటి మధ్య గుహవలె మలచిన ఒక చిన్న గది. ఇరువైపుల రాతి అరుగులు, నడుమ బలిపీఠం, దానిమీద వృషభాన్ని వధిస్తున్న మిత్రదేవుడు. పారశీక దేశపు పేరు గలిగిన ఈ దేవుడు పేరువరకు మన వేదాలలోని మిత్రునికి చుట్టమే. రోమకసైనికులు అనేకులు ఆయన భక్తులు. 4వ శతాబ్దం ముగిసేనాటికి పాత పూజలను చక్రవర్తులు నిషేధించినారు. మిత్రుని గుడికి దీపం ఆరినది, దానిపైన చర్చి విస్తరించినది.

ఈ గదిని త్రవ్వి తీసినప్పుడు భూగర్భంలోని ఊటనీరు పైకి ఉబికి అంతా మునిగినది. 1912 మొదలు 1914 వరకు శ్రమించి, సుమారు 700 మీటర్ల సొరంగం త్రవ్వి, ఆ నీటిని ప్రాచీన రోమకులు కట్టిన పెద్ద మురుగుకాలువలోనికి మళ్ళించినారు. ఇరవైనాలుగు వందల ఏళ్ళకు పైబడిన ఆ కాలువ ఇంకా పనిచేస్తూనే ఉన్నది. గుడి పక్కన ఒకచోట గోడలో చిన్న కంత ఉన్నది. అక్కడ చెవి యొగ్గితే కింద పరుగిడే నీటి చప్పుడు వినవస్తుంది.