గ్యాసా, వేవిళ్ళా? మధ్యలో మన సుబ్బారావు గారు

పోయిన సంక్రాంతికి మా అక్క తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు, మా ఇంటికొచ్చింది. కనుమనాడు కొల్లేరు కొరమీను పులుసు. మర్నాటినుంచీ అక్కకి ఒకటే వికారం. "పులుసు పడలేదమ్మా నీకు" అని అమ్మ తేల్చేసింది. బావ మందులషాపు నుంచి గ్యాసు బిళ్ళలు తెచ్చాడు. పది రోజులయ్యాక పెద్దమ్మ ఫోన్లో ఒకటే ప్రశ్న వేసింది: "ఏమే, నెల తప్పిందా?"

తప్పింది! డాక్టరమ్మ అడిగిన మొదటి మాట: "ఫోలిక్ యాసిడ్ వాడుతున్నావా?" అక్క తెల్లమొహం వేసింది. నేను నెట్‌లో వెతికితే కథ గూడేనికి దగ్గర్లోని భీమవరం దాకా వచ్చింది.

1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరు బొంబాయి వచ్చింది. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులు రక్తం తగ్గిపోయి చనిపోతుండేవారు. వాళ్ళ ఎర్రకణాలు మామూలుకన్నా పెద్దవిగా ఉండేవి. స్ప్రూ అని ఒక పేగుజబ్బు ఉంది; విరేచనాలతో మనిషిని పీల్చేస్తుంది. అందులోనూ రక్తం అలాగే కనిపించేది. ఈస్ట్‌తో చేసిన మార్మైట్ పెడితే గర్భిణులు కోలుకుంటున్నారని ఆవిడ 1931లో రాసింది. అందులో ఏముందో మాత్రం అప్పటికి ఎవరికీ తెలీదు.

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి అన్నదమ్ములిద్దర్ని బలితీసుకున్నది ఆ స్ప్రూ జబ్బే. అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఆయన నడిపించిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ని కృత్రిమంగా తయారుచేసింది. మన భాషలో చెప్పాలంటే రెండు టికెట్లు, ఒకటే ఫిక్స్. 1948లో ఆయన పోయారు.

ఇంకో ఉపయోగం 1991లో బ్రిటన్ పరిశోధనతో రుజువైంది. అంతకుముందు కాన్పులో బిడ్డకి వెన్ను, మెదడు లోపం వచ్చిన తల్లులకి ముందునుంచే ఫోలిక్ యాసిడ్ ఇస్తే, ఆ లోపం మళ్ళీ రావడం 72 శాతం తగ్గింది. చిక్కేమిటంటే, గర్భం నిలిచిన సుమారు 28 రోజులకల్లా బిడ్డ వెన్నుగొట్టం మూసుకుపోతుంది. అంటే మనం గ్యాసు బిళ్ళలు మింగుతూ కూర్చున్న రోజులే అవి!

ఎర్రర్ మెసేజ్ ఒకటే అయినా తేడా పట్టొచ్చు. తిండి పడకపోతే ఎక్కువగా విరేచనాలో, జ్వరమో, మెలిపెట్టే నొప్పో ఉంటాయి, కొద్దిరోజుల్లో సర్దుకుంటుంది. వేవిళ్ళయితే వారాల తరబడి వికారం, పోపు వాసన కూడా గిట్టదు, నీరసం. నెల తప్పితే ముందు మూత్రపరీక్ష, తర్వాతే బిళ్ళలు. పొత్తికడుపులో తీవ్రమైన నొప్పి గానీ, రక్తస్రావం గానీ ఉంటే వెంటనే ఆసుపత్రికి.

అక్కకి ఐదో నెల స్కానింగు రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ నిద్రలేదు. అదృష్టం, అంతా బాగుంది. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్ళు ముందునుంచే రోజుకి 400 మైక్రోగ్రాములు వేసుకోవాలంటారు డాక్టర్లు. పెళ్ళయిన స్నేహితులారా, ఈ మాట ఇవాళే ఇంట్లో చెప్పండి. మన జిల్లావాడు కనిపెట్టిన మందు మన ఇంటికే ఆలస్యంగా చేరితే ఎలా?