సమకాలీన నృత్యం

సమకాలీన నృత్యం 20వ శతాబ్దపు ఉత్తరార్ధంలో ప్రత్యేక శాఖగా రూపుదిద్దుకొన్న రంగస్థల నృత్యం. బ్యాలే, ఆధునిక నృత్యం, యోగా, యుద్ధవిద్యలు, వివిధ దేశాల సంప్రదాయ నృత్యాల నుండి ఇది కదలికలను స్వీకరిస్తుంది. కూచిపూడి, భరతనాట్యాలలో వలె అందరికీ ఒకటే అయిన అడుగులు, హస్తముద్రలు దీనికి లేవు. ప్రతి నృత్య దర్శకుడు తన ఇతివృత్తానికి తగిన కదలికలను తానే సమకూర్చుకొంటాడు.

చరిత్ర

20వ శతాబ్దపు ఆరంభంలో అమెరికా నర్తకి ఇసడోరా డంకన్ (1877–1927) బ్యాలే నియమాలను కాదని, పాదరక్షలు లేకుండా నర్తించింది. మార్తా గ్రాహం (1894–1991) 1926లో సొంత బృందాన్ని స్థాపించింది. ఊపిరి విడిచేటప్పుడు మొండెం ముడుచుకొనడం, పీల్చేటప్పుడు విచ్చుకొనడం ఆమె పద్ధతికి మూలం. వీరి కాలపు నృత్యాన్ని ఆధునిక నృత్యం అంటారు. సమకాలీన నృత్యం దీనికి కొనసాగింపు, కొంతవరకు దీనిపై తిరుగుబాటు కూడా.

గ్రాహం బృందంలో నర్తించిన మెర్స్ కన్నింగ్‌హామ్ (1919–2009) 1953లో తన బృందాన్ని ప్రారంభించాడు. నృత్యం కథ చెప్పనక్కరలేదని, సంగీతాన్ని అనుసరించనక్కరలేదని ఆయన భావించాడు. సంగీతకారుడు జాన్ కేజ్‌తో కలిసి చేసిన ప్రదర్శనలలో నృత్యం, సంగీతం విడివిడిగా తయారై వేదికపైనే కలిసేవి. కదలికల వరుసను నాణెం ఎగురవేసి నిర్ణయించిన సందర్భాలు కూడా ఉన్నాయి. 1962లో న్యూయార్క్‌లోని జడ్సన్ చర్చిలో యువ కళాకారులు నడక, పరుగు వంటి మామూలు కదలికలను సైతం నృత్యంగా ప్రదర్శించారు.

జర్మనీలో పీనా బౌష్ (1940–2009) 1973 నుండి వుప్పర్టాల్ నగరంలో నృత్యాన్ని, నాటకాన్ని మేళవించింది. స్ట్రావిన్‌స్కీ సంగీతానికి ఆమె 1975లో కూర్చిన రూపకంలో నర్తకులు మట్టి పరచిన వేదికపై నర్తిస్తారు.

ముఖ్య లక్షణాలు

* బరువు: బ్యాలేలో శరీరం తేలికగా కనిపించాలి. ఇక్కడ పడిపోవడం, లేవడం దాచబడవు.
* నేల: నర్తకులు కూర్చొని, పడుకొని, దొర్లుతూ కూడా నర్తిస్తారు.
* స్పర్శ: ఒకరి బరువును మరొకరు మోస్తూ అప్పటికప్పుడు కదలికలను కల్పించే పద్ధతిని స్టీవ్ పాక్స్‌టన్ 1972లో ప్రారంభించాడు.
* సంగీతం: తాళానికి కట్టుబడవచ్చు, నిశ్శబ్దంలోనూ సాగవచ్చు.

భారతదేశంలో

ఉదయ్ శంకర్ (1900–1977) భారతీయ నృత్యరీతులను పాశ్చాత్య రంగస్థల పద్ధతులతో కలిపి కొత్త బాట వేశాడు. 1948లో "కల్పన" అనే నృత్య చలనచిత్రాన్ని నిర్మించాడు.

చంద్రలేఖ (1928–2006) కథకు తెలుగు నేలతో సంబంధం ఉంది. 1952లో ఆమె తొలి భరతనాట్య ప్రదర్శన రాయలసీమ కరవు సహాయనిధి కొరకు జరిగింది. యమునా నదిలో జలక్రీడలను అభినయిస్తుండగా, బీటలువారిన నేల, నీటి కోసం బారులు తీరిన జనం చిత్రాలు గుర్తుకు వచ్చి తాను నిశ్చేష్టురాలినైతినని ఆమె తరువాత చెప్పింది. కళకు, జీవితానికి మధ్య ఎదురైన ఈ వైరుధ్యమే ఆమె తరువాతి కృషికి ప్రేరణ. భరతనాట్యం, కలరిపయట్టు, యోగాల సమ్మేళనంగా ఆమె "అంగిక" (1985), "శరీర" (2001) మొదలైనవి రూపొందించింది. ఆస్తాద్ దెబూ (1947–2020) బధిర కళాకారులతో, మణిపురి కళాకారులతో కలిసి పనిచేశాడు. బెంగళూరులోని అట్టక్కలరి సంస్థ 1992లో స్థాపించబడింది.

కొత్తగా చూసేవారికి

ముద్రల అర్థం తెలిసిన ప్రేక్షకుడు ఇక్కడ కూడా ప్రతి కదలికకు అర్థం వెదకి నిరాశ చెందవచ్చు. శరీరపు బరువు ఎక్కడ ఉన్నది, వేగం ఎప్పుడు మారినది, ఇద్దరి మధ్య దూరం ఎలా పెరిగి తరిగినది అని గమనిస్తే ప్రదర్శన సులభంగా బోధపడుతుంది. ఒకే రూపకాన్ని ఇద్దరు వేరువేరుగా అర్థం చేసుకొనడం ఈ నృత్యంలో లోపంగా పరిగణింపబడదు.