ఉంఛవృత్తియు కృతిరచనయు: శ్రీ త్యాగరాజస్వామి వారి మార్గము



ప్రతి సంవత్సరము పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారులో కావేరీతీరమున వందలాది విద్వాంసులు ఏకకంఠముతో పంచరత్నములను గానము చేయుదురు. మన ఊళ్ళలోను అనేక దేవాలయములందు ఆ దినమున ఆరాధన జరుగుచున్నది. ఆ మహనీయుని భక్తిని గూర్చి మీరు పలుమారులు వినియున్నారు. ఈనాడు మేము వేరొక విషయమును మనవి చేయదలచితిమి. ఏ కొలువును లేని ఒక గాయకుడు ఏమి తిని బ్రతికినాడు? ఏ చదువు నాధారముగా గైకొని అన్ని కృతులు రచించినాడు? ఆ బ్రతుకునకును ఆ పాటకును గల సంబంధమేమి? ఇది చరిత్రకు సంబంధించిన ప్రశ్నయే కాని భక్తికి వెలియైనది కాదు.

స్వామివారి ఇంటిపేరు కాకర్ల. ఆంధ్రదేశమున కంభము ప్రాంతమునందలి కాకర్ల గ్రామమునుండి వారి పూర్వులు దక్షిణమునకు తరలిపోయిరని చెప్పుదురు. తంజావూరును నాయకరాజులు ఏలిన కాలమునుండి అక్కడ తెలుగు ఆస్థానభాషగా వెలసినది. తరువాత వచ్చిన మహారాష్ట్ర ప్రభువులును దానిని త్రోసివేయలేదు. కావుననే 1767లో తిరువారూరున జన్మించిన బాలునకు చుట్టును అరవము, ఇంటిలో తెలుగు, చదువులో సంస్కృతము లభించినవి. మూడు భాషల నడుమ పెరిగినవాని తెలుగు కావున అందు వాడుకమాటలు విరివిగా కనిపించును. కొందరు పండితులు వానిని దోషములుగా ఎంచిరి. మా అభిప్రాయము వేరు. తల్లి సీతమ్మగారి నోట పదములు వినుచు పెరిగిన తెలుగు అది. తల్లి భాషకు వ్యాకరణమడుగువాడు పాట వినలేడు.

ఇచ్చట ఒక సంగతి దాచరాదు. కొలువును కాదన్న ఈ మహానుభావునకు తొలి సంపద కొలువునుండియే సంక్రమించినది. తండ్రి రామబ్రహ్మముగారు తుళజా మహారాజుగారి ఎదుట రామాయణ ప్రవచనము చేయుచుండెడివారనియు, తిరువయ్యారు తిరుమంజన వీధిలోని ఇల్లు రాజదత్తమేననియు పెద్దలు చెప్పుదురు. సంగీత గురువులు శొంఠి వేంకటరమణయ్యగారు ఆస్థాన విద్వాంసులు. అనగా విద్య ఆస్థానముది, ఇల్లు ఆస్థానముది. అట్టివాడు ఆస్థానమునకు పోకుండుటలో విశేషమున్నది. ఎరుగనిదానిని వదలుట తేలిక. ఎరిగి, కుడిచి, దాని రుచి తెలిసిన పిమ్మట వదలుట వేరు.

మనువు నాలుగవ అధ్యాయమున గృహస్థ బ్రాహ్మణుని జీవనోపాయములను తరగతులుగా విభజించినాడు. కళ్ళములో, పొలములో రాలిన గింజలను ఏరుకొని బ్రతుకుటకు ఋతమని పేరు. అడుగకుండ వచ్చినది అమృతము. అడిగి తెచ్చుకొన్నది మృతము. సేద్యము ప్రమృతము, వర్తకము సత్యానృతము. పరసేవకు మాత్రము శ్వవృత్తి, అనగా కుక్కబ్రతుకు, అని పేరుపెట్టి దానిని ఎన్నడును చేయరాదన్నాడు. ఉంఛము అను మాటకు గింజలేరుట అనియే అసలు అర్థము. తంజావూరు సీమలో భాగవతులు తంబుర పుచ్చుకొని, నామము పాడుచు వీధివెంట నడచుటకు ఆ పేరు తరువాత వచ్చినది. శాస్త్రదృష్టితో విచారించినచో స్వామివారిది గింజలేరుట కాదు, యాచనయును కాదు. వారు ఎవరి గుమ్మమునను అడుగలేదు. పాడుచు నడచిరి. పెట్టినవారు పెట్టిరి. కావున అది అమృతవృత్తియని మా మతము. ఆ పిడికెడు బియ్యమే ఇంటిల్లిపాదికి, శిష్యులకు, అతిథులకు ఆనాటి వంట. రేపటికి దాచు పద్ధతి లేదు.

రాజు వద్దకు రమ్మని కబురు వచ్చినప్పుడు స్వామివారు నిరాకరించిరనియు, అప్పుడే కల్యాణి రాగమున ‘నిధి చాల సుఖమా’ అను కృతి వెలువడినదనియు లోకప్రసిద్ధి. అన్నగారు కోపించి పూజావిగ్రహములను కావేరిలో పడవేసిన కథయును మీరెరిగినదే. ఈ కథ చెప్పునప్పుడు కొందరు కథకులు శరభోజి మహారాజును అహంకారిగా చిత్రింతురు. అది న్యాయము కాదు. 1798 నుండి 1832 వరకు పీఠముపై నున్న ఆ ప్రభువు గొప్ప విద్యాభిమాని. సరస్వతీ మహలు గ్రంథాలయము నేడు మనకు దక్కుటకు ఆయన శ్రద్ధయే ప్రధాన కారణము. అయితే 1799లో జరిగిన ఒడంబడికతో రాజ్యపాలనము కుంఫిణీవారి వశమైనది. రాజునకు బిరుదు, కోట, భరణము మిగిలినవి. 1855లో ఆ వంశపు రాజరికమును ముగిసినది. తంజావూరు నాట్యాచార్య సోదరులలో వడివేలు తిరువాన్కూరులో స్వాతి తిరునాళ్ ఆస్థానము చేరవలసి వచ్చెను. ఒక కొలువు సన్నగిల్లిన మరియొక కొలువు వెదకుకొనుట ఆస్థాన విద్వాంసుని గతి. తిరుమంజన వీధి బియ్యమునకు ఒడంబడికలతో పని లేదు.

ఇక పాట విషయము. వీధిలో నడచుచు పాడువానికి పాదము పడుటయే తాళము. వెంట శిష్యులు అందుకొనవలెను. ఇంటి ముంగిట నున్న స్త్రీలు, బాలురు సైతము ఒకటి రెండుసార్లు వినగానే పాడగలుగవలెను. స్వామివారి దివ్యనామ కీర్తనలకును, ఉత్సవ సంప్రదాయ కీర్తనలకును గల సులువైన నడక ఇచ్చటిది. అదే మనిషి ఇంటికి వచ్చి పూజ ముగించి రాగములో మునిగినప్పుడు వేరొక తీరు కృతులు పుట్టెను. ఈ రెండింటిని రెండు మెట్లుగా చూచి, మొదటివి తక్కువయని కచేరీ విద్వాంసులు కొందరు అనుకొనుట మాకు సమ్మతము కాదు. వీధిపాట లేనిచో ఇంటిపాటకు బియ్యము లేదు.

వారి ప్రేరణలకు మూలములు స్పష్టముగా కనిపించుచునే యున్నవి. వాల్మీకి రామాయణము నిత్య పారాయణ గ్రంథము. రాముని ఒక చూపు, సీత యొక్క ఒక మాట, భరతుని నిరీక్షణ ఇట్టి చిన్న చిన్న ఘట్టములు ఒక్కొక్క కృతియైనవి. పురందరదాసులవారికి ప్రహ్లాద భక్తి విజయములో నమస్కారము చేసిరి. భద్రాచల రామదాసును తమ కృతులలో స్మరించిరి. ఆ ప్రహ్లాద నాటకమునందే వారి స్వతంత్రబుద్ధిని చూడుడు. మనకు ప్రహ్లాదుడనగా స్తంభము, నృసింహుడు, హిరణ్యకశిపుని వధ జ్ఞప్తికి వచ్చును. స్వామివారు ఆ వధను రంగముపైకి తేలేదు. నాగపాశములతో కట్టి సముద్రములో పడవేసిన బాలుని గైకొనిరి. సముద్రరాజు, గరుత్మంతుడు, నారదుడు, చివరకు శ్రీహరి ఇదియే పాత్రల వరుస. వారికి కావలసినది శత్రుసంహారము కాదు, భగవంతుని కొరకు వేచియుండువాని ఆర్తి. నౌకాచరిత్రమునకైతే భాగవతములో మూలమే లేదు. గోపికలను, కృష్ణుని యమునలో పడవ ఎక్కించి కథను తామే నడిపిరి.

వేదపాఠము చెప్పుకొని బ్రతికిన మావంటివారికి స్వామివారి సంగతులు విన్నప్పుడు ఒక పోలిక తోచును. సంగతి యనగా పల్లవిలోని ఒకే పంక్తిని మరల మరల పాడుచు, ప్రతిసారి స్వరమును కొంచెము విస్తరించుట. దీనిని కృతికి ప్రాణముగా నిలిపినవారు త్యాగరాజస్వామి. మన ఘనపాఠములోను ఒకే పదములు మరల మరల వచ్చును. ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, మరల ఒకటి రెండు మూడు. అయితే అచ్చట కదలునది పదము. స్వరము నియమమునకు కట్టుబడి, సంధినిబట్టి శాస్త్రము చెప్పినట్లే మారును. అధ్యేతకు స్వాతంత్ర్యము లేదు, ఉండరాదు. సంగతిలో పదము స్థానమునుండి కదలదు. స్వరమే కదలును. ఒకచోట వేదమును చెడకుండ నిలుపుటకు ఆవృత్తి, మరియొకచోట అర్థమును లోతుగా త్రవ్వుటకు ఆవృత్తి. ఖరహరప్రియ రాగములోని ‘చక్కని రాజమార్గము’ పల్లవిని శ్రద్ధగా వినుడు. మొదటి సంగతిలో సాధారణముగా వినిపించిన ప్రశ్న పోను పోను తనను తానే నిలదీసికొన్నట్లు మారును. సప్తస్వరములు సామవేదమునుండి పుట్టినవన్నది మన పెద్దల సిద్ధాంతము. ‘నాదతనుమనిశం’ అను కృతిలో స్వామివారును శివుని నాదరూపునిగా భావించి ఆ సంప్రదాయమునే నిలిపిరి.

రాగముల విషయమున వారు చేసిన పని మరింత సాహసముతో కూడినది. 17వ శతాబ్దమున తంజావూరులోనే వేంకటమఖి చతుర్దండీ ప్రకాశికయందు డెబ్బదిరెండు మేళముల లెక్క కట్టెను. అయితే తన కాలమున వ్యవహారములో నున్నవి పందొమ్మిదియే యని ఆయనయే చెప్పెను. మిగిలినవి కాగితముపై గణితము. శతాబ్దమునకు పైగా గడచిన తరువాత స్వామివారు అట్టి గణితములకు అనేకముగా ప్రాణము పోసిరి. ఇంతకుముందు ఎవరును పెద్దగా పాడని రాగమునకు ఒకే కృతి వ్రాసి, ఇదిగో దీని రూపము అని చూపిన సందర్భములు ఎన్నో కలవు. సభలో రాజును మెప్పింపవలసినవాడు ఎరిగిన రాగమునే పాడును. మెప్పుతో పని లేనివానికే ఈ సాహసము చెల్లును.

ఇరువదియొక సంవత్సరములలో వారు 96 కోట్ల రామనామ జపము చేసిరని సంప్రదాయము. లెక్క వేసిన దినమునకు సుమారు 1,25,000. దినమునకు 86,400 క్షణములే కదా, అని గడియారము పట్టుకొని అడుగు యువకులు మాకు తారసపడినారు. మేము వారితో వాదమునకు దిగము. సంప్రదాయమును సంప్రదాయముగానే చెప్పుచున్నాము. నడచుచు, వండుచు, నిదుర కుపక్రమించుచు నామము విడువని మనస్సునకు పాటకై ప్రత్యేకముగా కూర్చుండవలసిన పని యుండదని మాత్రము గ్రహింపుడు.

వయస్సు మీరిన తరువాత స్వామివారు కాంచీపురము, తిరుపతి, చెన్నపట్టణ ప్రాంతములు యాత్ర చేసిరి. కోవూరు సుందరేశ మొదలియారుగారు వారిని తమ ఊరికి ఆహ్వానించిరి. ఆ ధనికుడు తన పేరిట ఒక కృతి వెలయునని ఆశపడెననియు, స్వామివారు ఆ ఊరి ఆలయములోని సుందరేశ్వరునిపై అయిదు కృతులు పాడిరనియు చెప్పుదురు. పేరు ఒక్కటే. మొదలియారుగారు నొచ్చుకొనలేదు, భక్తితో స్వీకరించిరి. ఆతిథ్యమిచ్చినవానిని అవమానింపకయే నరస్తుతిని తప్పించుకొన్న ఈ నేర్పు మాకు మిక్కిలి ప్రియము.

ఇంతవరకు లాభము చెప్పితిమి. నష్టమును చెప్పవలెను. ఆస్థానమున వ్రాయసకాండ్రుండెదరు, గ్రంథాలయముండును. స్వామివారికి అవి లేవు. ఆయన పాడుచుండగా శిష్యులు పంచుకొని, ఒకరు పల్లవి, ఒకరు అనుపల్లవి, ఒకరు చరణము పట్టుకొని తాటాకులపై వ్రాసికొనెడివారని శిష్యపరంపరలో వాడుక. రచించినవి 24,000 అని భక్తులందురు. నేడు మనకు దక్కినవి సుమారు 700. 1847లో స్వామివారు సిద్ధిపొందిన పిమ్మట సమాధిస్థలమును సైతము చిరకాలము పట్టించుకొన్నవారు లేరు. 1925లో ఆలయము నిలిపినది బెంగుళూరు నాగరత్నమ్మగారు. తన సంగీతముతో ఆర్జించిన ధనమునే అందుకు వెచ్చించినది. దేవదాసీ కులమున పుట్టిన స్త్రీయని ఆ రోజులలో ఆమెను ఆరాధనలో పాడనిచ్చెడివారు కారు. ఆలయము మాత్రము ఆమె చేతిమీదుగానే లేచినది.

అయ్యంపేటనుండి తిరువయ్యారునకు నడచివచ్చి పాఠము నేర్చుకొన్న వాలాజాపేట వేంకటరమణ భాగవతులు, వారి కుమారులు కృష్ణస్వామి భాగవతులు వ్రాసిన ప్రతులు మధుర సౌరాష్ట్ర సభలో భద్రపరుపబడినవి. ఉమయాళ్‌పురము వారిది ఒక పాఠము, తిల్లైస్థానము వారిది మరియొకటి. మానంబుచావడి వేంకటసుబ్బయ్యగారి శిష్యులు వేరొకటి పాడిరి. ఒకే కృతికి ఒక పరంపరలో సంగతులు నాలుగైనచో మరియొక పరంపరలో పది. స్వామివారు పాడినవి ఎన్ని, శిష్యులు చేర్చినవి ఎన్ని యని విద్వాంసులు నేటికిని వాదించుకొనుచున్నారు, వాదము ముగియగానే మరల ఆ కృతినే పాడుకొనుచున్నారు.