ఒక మాట వెడల్పు ఎంత?

బటన్ మీద లేబుల్ మామూలు ఫాంట్‌లో చక్కగా ఇమిడిపోతుంది. బోల్డ్ చేయగానే పట్టదు, ఇటాలిక్ చేస్తే చివరక్షరం తోక తెగుతుంది. జీయూఐ ప్రోగ్రాములు రాసినవాళ్ళందరికీ తెలిసిన గొడవే. ఇది ఎక్కణ్ణుంచి మొదలైందో చూద్దామని కాస్త వెనక్కి వెళ్ళాను.

1984లో వచ్చిన మాకింటాష్‌లో క్విక్‌డ్రా అనే లైబ్రరీ ఉండేది. అందులో స్ట్రింగ్‌విడ్త్ అని ఓ ఫంక్షన్. మాటనిస్తే వెడల్పు చెప్పేది. బోల్డ్‌కి వేరే ఫాంట్ లేకపోయినా పర్లేదు, ఉన్న బిట్‌మ్యాప్‌నే కాస్త పక్కకి జరిపి మళ్ళీ అచ్చేసేవారు. పక్కకి వాలిస్తే ఇటాలిక్.

విండోస్ జీడీఐదీ అదే దారి. వాలిస్తే మాట చివర కొంచెం బయటికి పొడుచుకొస్తుంది కదా, ఆ లెక్కని టెక్స్ట్‌మెట్రిక్ స్ట్రక్చర్‌లో టీఎంఓవర్‌హ్యాంగ్ అనే ఫీల్డులో పెట్టారు. అది మాట మొత్తానికీ ఒక్కసారే. అక్షరాలు విడివిడిగా కొలిచి కూడితే మాత్రం అక్షరానికోసారి పడుతుంది! డాక్యుమెంటేషన్‌లో ఈ ముక్క ఉంది, చదివేదెవరు లెండి.

1992లో విండోస్ 3.1తో ట్రూటైప్ వచ్చాక అసలు విషయం బయటపడింది. ప్రతి అక్షరానికీ ఏ, బీ, సీ అని మూడు కొలతలు: ముందు ఖాళీ, సిరా, తర్వాత ఖాళీ. ఖాళీలు మైనస్ కూడా కావచ్చు. ఇటాలిక్ ఎఫ్ తోక పక్కక్షరం మీదికి వాలేది అందుకే. అంటే వెడల్పులు రెండు. కలం ఎంత దూరం జరగాలి అనేది ఒకటి, సిరా ఎంత మేర పడింది అనేది ఇంకోటి. రెంటికీ ఒకటే పేరు పెట్టడమే అసలు తప్పని నా అభిప్రాయం. క్యూటీ వాళ్ళు విడ్త్ అనే పేరు వదిలి హారిజాంటల్‌అడ్వాన్స్ అనడానికి 2018 దాకా పట్టింది. 2002లో డాట్‌నెట్‌తో వచ్చిన మెజర్‌స్ట్రింగ్ అయితే తోకలు తెగకుండా మాటకి అటూ ఇటూ ఎమ్‌లో ఆరోవంతు చొప్పున కలిపేసేది. అడక్కుండానే!

ఇక మన తెలుగు. యూనికోడ్‌కి ముందు మన పత్రికలు వాడిన సొంత ఫాంట్లలో తలకట్టుకీ, వత్తుకీ ఒక్కో గడి ఉండేది. వెతకడానికి పనికిరావు గానీ వెడల్పులు కూడితే లెక్క సరిపోయేది. యూనికోడ్‌లో 'స్త్రీ' అంటే ఆరు కోడ్ పాయింట్లు. ఆరింటినీ విడిగా కొలిచి కూడితే వచ్చే సంఖ్యకి అర్థమే లేదు. ముందు అక్షరం రూపు కట్టాలి, తర్వాతే కొలత. విండోస్‌లో ఆ పని యూనిస్క్రైబ్‌ది. ఎక్స్‌పీతో 2001లో గౌతమి ఫాంట్ వచ్చాక మనకది అక్కరకొచ్చింది. గ్నోమ్ వైపు ప్యాంగో ఉంది.

లైబ్రరీలు ఇంత చేసినా, చోటు చాలనప్పుడు మాటని తెగ్గోసి మూడు చుక్కలు పెట్టే కోడు మాత్రం చాలాచోట్ల ఇప్పటికీ అక్షరాలు లెక్కపెట్టే రాస్తారు. అప్పుడు 'రాష్ట్రం' కాస్తా 'రాష్' అయి కూర్చుంటుంది. నా దగ్గరికి రివ్యూకి వచ్చే ప్రతి స్క్రీన్‌లోనూ ముందు ఆ మాటనే బోల్డ్‌లో ఓసారి, ఇటాలిక్‌లో ఓసారి కొట్టి చూస్తాను.