భారత వాయుసేన యుద్ధవిమానాల ఆధునికీకరణ

భారత వాయుసేన యుద్ధవిమానాల ఆధునికీకరణ అనగా వాయుసేన వద్దనున్న పాత యుద్ధవిమానాలకు కొత్త రాడార్లు, కంప్యూటర్లు, క్షిపణులు, ఆత్మరక్షణ పరికరాలు అమర్చి, వాటిని మరికొన్ని సంవత్సరాలపాటు యుద్ధానికి పనికివచ్చేటట్లు చేయు ప్రక్రియ. ఇందుకు కావలసిన ఎలక్ట్రానిక్ పరికరాలలోను, క్షిపణులలోను చెప్పుకోదగిన భాగం హైదరాబాదు పరిసరాలలోని సంస్థలలో రూపొందుతున్నది. వాయుసేనకు 42 యుద్ధవిమాన స్క్వాడ్రన్లు ఉండవలెనని ప్రభుత్వం అనుమతించగా, 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో చివరి మిగ్-21 విమానాలు సేవనుండి తప్పుకున్న తరువాత 29 స్క్వాడ్రన్లు మిగిలినవి. కొత్త విమానాల రాక ఆలస్యమైనందున ఉన్నవాటిని మెరుగుపరచుకొనడం వాయుసేనకు తప్పనిసరి అయినది.

విమానాలను పోల్చు విధానం

మిగ్-21 గరిష్ఠ వేగం ధ్వనివేగానికి సుమారు రెండు రెట్లు. రఫేల్ వేగం 1.8 రెట్లు మాత్రమే. ఈ అంకెలను మాత్రమే చూచిన విద్యార్థి మిగ్-21 మేలైన విమానమని భ్రమపడే ప్రమాదం ఉన్నది. నిజానికి గరిష్ఠ వేగంతో విమానం ప్రయాణించేది కొద్ది నిమిషాలు మాత్రమే. ఆ వేగంలో ఇంధనం త్వరగా ఖర్చవుతుంది. ఆధునిక గగనయుద్ధంలో శత్రువును ఎవరు ముందుగా చూస్తారు, ఎవరి క్షిపణి ఎక్కువ దూరం పోతుంది, ఎంతసేపు గాలిలో ఉండగలదు అన్నవి ముఖ్యమైన ప్రశ్నలు. వీటన్నిటికంటె సామాన్యమైన ప్రశ్న మరొకటి కలదు: ఉదయం లేచేసరికి ఎన్ని విమానాలు ఎగరడానికి సిద్ధంగా ఉంటాయి? 2010 దశాబ్దపు తొలి భాగంలో విడిభాగాల కొరత వలన సుఖోయ్-30 విమానాలలో దాదాపు సగం మాత్రమే సిద్ధంగా ఉండేవి.

పోలికకు పెద్ద ఉదాహరణ 2007లో వాయుసేన 126 విమానాలకై పిలిచిన టెండరు. ఆరు రకాల విమానాలను బెంగుళూరు, జైసల్మేరు ఎడారి, లేహ్ మంచుకొండలలో ఎగురవేసి, ఆరువందలకు పైగా సాంకేతిక అంశాలపై పరీక్షించారు. లేహ్ ఎత్తులో గాలి పలుచన గనుక అక్కడ ఆయుధాలు మోసుకొని పైకి లేవడమే ఒక పరీక్ష. 2012లో రఫేల్ ఎంపికైనది. అయితే ధరపై చర్చలు తెగలేదు. చివరకు 2016లో 36 విమానాలకు మాత్రమే ఒప్పందం కుదిరినది.

మిగ్-21 బైసన్

1960ల తొలి భాగంలో మిగ్ విమానాల తయారీకై మూడు కర్మాగారాలను తలపెట్టారు. విమానపు ఒడలు నాసిక్‌లోను, ఇంజను కొరాపుట్‌లోను, ఎలక్ట్రానిక్ పరికరాలు హైదరాబాదులోను తయారు చేయాలన్నది ఏర్పాటు. ఆ విధంగా 1965లో హిందుస్తాన్ ఏరోనాటిక్స్ వారి హైదరాబాదు విభాగం బాలానగర్‌లో ప్రారంభమైనది.

1996లో రష్యాతో కుదిరిన ఒప్పందం ప్రకారం సుమారు 125 మిగ్-21 విమానాలను బైసన్ స్థాయికి పెంచారు. కొత్త రాడారు, పైలట్ తల తిప్పిన వైపుకు గురిచూచే శిరస్త్రాణం, ఆర్-73, ఆర్-77 క్షిపణులు వీటికి అమర్చబడినవి. 2004లో గ్వాలియరులో జరిగిన సంయుక్త విన్యాసాలలో అమెరికా ఎఫ్-15 పైలట్లను ఈ విమానాలు ఆశ్చర్యపరచినవి.

కాని రాడారు మార్చినంత మాత్రాన విమానం వయస్సు తగ్గదు. మిగ్-21కు ఒకే ఇంజను. అది ఆగితే పైలట్‌కు ఎక్కువ వ్యవధి ఉండదు. దిగే వేగం కూడా చాలా ఎక్కువ. 2012లో రక్షణమంత్రి ఎ.కె.ఆంటోనీ రాజ్యసభకు తెలిపిన లెక్క ప్రకారం వాయుసేన పొందిన వివిధ రకాల 872 మిగ్ విమానాలలో 482 ప్రమాదాలకు గురైనవి, 171 మంది పైలట్లు మరణించారు. కొత్త విమానాలు సమయానికి వచ్చి ఉంటే బైసన్లను 2025 వరకు నడపవలసిన అవసరం ఉండేది కాదు.

జాగ్వార్, మిరాజ్, మిగ్-29

1979లో వచ్చిన జాగ్వార్ నేలపై దాడి చేసే విమానం. దీని గమన, గురి వ్యవస్థ అయిన డారిన్‌ను మూడు దశలలో అభివృద్ధి చేశారు. మూడవ దశలో ఇజ్రాయెల్ రాడారు కూడా చేరినది. ఇంజను మాత్రం పాతదే. వేడిగా ఉన్న రోజున పూర్తి బరువుతో ఎగరడం కష్టమని తెలిసికూడా, హనీవెల్ ఇంజను అమర్చాలన్న ప్రతిపాదనను అధిక వ్యయం కారణంగా 2019లో విరమించుకున్నారు. కళ్ళజోడు మార్చి గుండెను అలాగే వదలివేసినట్లయినది.

మిరాజ్-2000 విషయం కొంత భిన్నం. 1999 కార్గిల్ యుద్ధంలో ఇజ్రాయెల్ లైటెనింగ్ గురి పరికరాన్ని హడావుడిగా అమర్చుకొని, జూన్ 24న టైగర్ హిల్‌పై లేజర్ బాంబులతో దాడి చేసినవి ఇవే. ఆ తరువాత 2011లో 51 విమానాల పూర్తి ఆధునికీకరణకు ఫ్రాన్సుతో ఒప్పందం జరిగినది. అంత డబ్బుతో కొత్త విమానాలే కొనవచ్చునని అప్పట్లో విమర్శ వచ్చినది. 2019 ఫిబ్రవరి 1న బెంగుళూరులో, మెరుగుపరచిన మిరాజ్ ఒకటి వాయుసేనకు అప్పగించే ముందు పరీక్షకు ఎగురుతూ కూలిపోగా ఇద్దరు పైలట్లు మరణించారు.

మిగ్-29ల ఒప్పందం 2008లో రష్యాతో జరిగినది. కొత్త రాడారుతోపాటు ఇంధనపు తొట్టి కూడా పెద్దదైనది.

సుఖోయ్-30, హైదరాబాదు క్షిపణులు

వాయుసేనకు వెన్నెముక సుఖోయ్-30 ఎంకేఐ. దీనిని ఇప్పటివరకు పెంచిన తీరులో హైదరాబాదు భాగం ఎక్కువ. దాదాపు 2.5 టన్నుల బ్రహ్మోస్ క్షిపణిని మోయడానికి విమానపు పొట్టభాగాన్ని బలపరచవలసి వచ్చినది. 2017 నవంబరు 22న బంగాళాఖాతంపై దీనిని తొలిసారి ప్రయోగించారు. బ్రహ్మోస్ కూర్పు కేంద్రం హైదరాబాదులో కలదు.

గగనతలం నుండి గగనతలానికి ప్రయోగించు అస్త్ర క్షిపణిని కంచన్‌బాగ్‌లోని డి.ఆర్.డి.ఎల్. రూపొందించినది. దీని పరిధి 100 కిలోమీటర్లకు పైన. సుఖోయ్ నుండి తొలి ప్రయోగం 2014లో, తేజస్ నుండి 2023లో జరిగినది. 2022 మేలో రూ. 2,971 కోట్ల ఒప్పందం భారత్ డైనమిక్స్‌కు దక్కినది. తొలినాళ్ళలో లక్ష్యాన్ని వెదకే రాడారు తల రష్యా నుండి వచ్చేది; స్వదేశీ తలతో 2025 జులై 11న ఒడిశా తీరాన పరీక్ష జరిగినది. ఇతర దేశం అమ్మిన క్షిపణిని మన విమానానికి జతపరచాలంటే ఆ దేశపు అనుమతి, సాంకేతిక సమాచారం కావాలి. స్వంత క్షిపణికి ఆ చిక్కు తక్కువ.

2023 నవంబరులో రక్షణ కొనుగోళ్ళ మండలి సుఖోయ్‌ల తదుపరి ఆధునికీకరణకు సూత్రప్రాయంగా అంగీకరించినది. మొదట 84 విమానాలకు స్వదేశీ రాడారు అమర్చాలన్నది ఆలోచన.

తేజస్, కొత్త విమానాలు

మిగ్-21 స్థానాన్ని భర్తీ చేయవలసిన తేజస్ మార్క్ 1ఎ విమానాలు 83కు 2021లోను, మరి 97కు 2025 సెప్టెంబరులోను ఒప్పందాలు జరిగినవి. అందజేత 2024లోనే మొదలు కావలసి ఉండగా అమెరికా ఇంజన్ల రాక ఆలస్యం కావడం వలన వెనుకబడినది. ఈ విమానపు మధ్యభాగాన్ని హైదరాబాదుకు చెందిన వెమ్ టెక్నాలజీస్ 2025లో తయారుచేసి ఇచ్చినది. రఫేల్ ఒడలి భాగాలను హైదరాబాదులో తయారు చేయుటకు దసో, టాటా సంస్థలు 2025 జూన్‌లో ఒప్పందం కుదుర్చుకున్నవి.