ఇరువది రేడియోల సంగీతము

రేడియో ఉన్న ప్రతి ఇంటను ఒక నియమము కలదు. కోరిన స్టేషను దొరికిన పిదప ప్రక్క స్టేషను గొంతు అందులో దూరినచో దానిని దోషముగా భావింతుము. ఆ రెండవ ధ్వని తొలగువరకు మరను అటు నిటు త్రిప్పుచునే ఉందుము. అట్టి మనకు, ఇరువది స్టేషన్లను ఒకే వేళ, ఒకే చోట కలిపి వినుడని కోరిన సంగీతకర్త ఒకడు ఉండెనన్నచో వింతగా తోచును. ఆయన ఫిలిప్పీన్ దేశస్థుడైన హోసే మసేడా. 1974 జనవరి 1వ తేదీ సాయంకాలము 6 గంటలకు మనీలా నగర రేడియో స్టేషన్లు ప్రసారము చేసిన ఆ రచన పేరు ‘ఉగ్నాయన్’. పరస్పర సంబంధము అని ఆ మాటకు అర్థము. ఆ సాయంకాలమునకు వెనుక ఒక దేశము తన స్వరమును వెదకికొనిన చరిత్ర కలదు. దానిని శ్రోతలకు నివేదింపదలచినాము.

ఫిలిప్పీన్ ద్వీపములను 1565 నుండి 1898 వరకు స్పెయిను వారు ఏలిరి. పిదప అమెరికా పాలన వచ్చెను. నడుమ కొన్ని ఏండ్లు జపాను సేనలు ఆక్రమించుకొనెను. దేశము 1946లో స్వతంత్రమయ్యెను. మూడు శతాబ్దములకు పైబడిన స్పెయిను పాలనలో దేవాలయ గానము, గిటారు, వాద్యబృందములు, పియానో పట్టణములందు వేరు పాతుకొనినవి. 1916లో ఫిలిప్పీన్ విశ్వవిద్యాలయమున సంగీత కళాశాల ఏర్పడెను. నికనోర్ అబెలార్డో, ఫ్రాన్సిస్కో సాంటియాగో మున్నగువారు ‘కుందిమాన్’ అను ప్రేమగీతమును పియానో తోడుతో సభారంజకమైన కళారూపముగ తీర్చిరి. అబెలార్డో 1931లో షికాగో నగరమునకు పోయి, ఐరోపాలో అప్పుడే తలయెత్తుచున్న నూతన స్వరసంయోగ పద్ధతులను అభ్యసించెను. కాని 1934లో, 41వ యేటనే మరణించుటచే ఆ ప్రయత్నము నడుమనే నిలిచిపోయెను.

ఆ గీతములు నేటికిని ప్రజల నోట నిలిచియున్నవి. వాని మాట తగలాగు. వాని శ్రుతిబంధము మాత్రము ఐరోపాది. ఉత్తరమున లూజాను కొండలలో వెదురు వాద్యములు, బల్లపరుపు కంచుఘంటలు మ్రోగుచుండెను. దక్షిణమున మిందనావో ద్వీపములో, మధ్యమున బుడిపె గల ఘంటలను వరుసగ పేర్చి వాయించు ‘కులింతంగ్’ సజీవముగ నుండెను. అయినను అవి చిరకాలము సంగీత కళాశాల గడప దాటి లోనికి రాలేదు.

ఆ గడపను దాటించినవారిలో లుక్రేసియా కసీలగ్ ముఖ్యురాలు. 1918లో జన్మించి, అమెరికాలోని ఈస్ట్‌మన్ సంగీత విద్యాలయమున చదివి వచ్చిన ఆమె, 1959లో రచించిన ‘టొకాటా’ యందు దక్షిణ ద్వీపముల ఘంటలను పాశ్చాత్య సుషిరవాద్యముల ప్రక్కన నిలిపెను. ‘బయనిహన్’ నృత్యబృందమునకు సంగీత సారథ్యము వహించి స్వదేశ వాద్యములను దేశదేశములకు వినిపించెను. రెండు సంప్రదాయములను ఒకే వేదికపై కూర్చుండబెట్టుట ఆమె మార్గము. మసేడా ప్రశ్న ఇంకను లోతైనది. వేదిక అనునది అసలు ఎందులకు? కొందరు వాయింప, తక్కినవారు ఊరక కూర్చుండి వినవలెనను ఏర్పాటు ఎవరిది?

ఈ ప్రశ్న వేసినవాడు పాశ్చాత్య సంగీతము తెలియనివాడు కాడు. 1917లో మనీలాలో పుట్టిన మసేడా, యౌవనమున పారిస్ నగరమునకు పోయి ప్రఖ్యాత వైణికులవలె అచ్చట మన్ననలందిన పియానో విద్వాంసుడు ఆల్ఫ్రెడ్ కోర్తో వద్ద శిష్యరికము చేసెను. చాలకాలము సభలలో పియానో వాయించెను. తాను వాయించు ఈ సంగీతమునకును, తన దేశపు కొబ్బరికిని వరికిని ఏమి సంబంధమని ఆయన తన్ను తానే ప్రశ్నించుకొనెనని చెప్పుదురు. ఆ ప్రశ్న ఆయనను పల్లెలకు నడిపెను. 1950 దశకమున ఆరంభమైన ఆ క్షేత్రపరిశోధన అనేక దశాబ్దములు సాగెను. మిందోరో ద్వీపములోని హనునో ప్రజలు మొదలుకొని పలు జాతుల సంగీతమును ఆయన ధ్వనిముద్రణ చేసెను. మిందనావోలోని మగిందనావో ప్రజల సంగీతముపై వ్రాసిన గ్రంథమునకు 1963లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము డాక్టరు పట్టము నొసగెను. ఆ నడుమనే పారిస్ నగరమున, టేపుపై ముద్రించిన ధ్వనులతోనే సంగీతము కూర్చు నూతన విధానమును గూడ పరిచయము చేసికొనెను.

కొండపల్లెలలో ఆయనకు గోచరించిన సూత్రము మన పల్లెవారికి సులభముగ బోధపడును. ఒకే రోట ముగ్గురు స్త్రీలు వడ్లు దంచుచున్నారనుకొందము. ఒక రోకలి లేచునప్పుడు మరియొకటి పడును. ఏ ఒక్కరి పోటును విడిగా విన్నను అది కేవలము చప్పుడు. ముగ్గురివి కలసినప్పుడే లయ పుట్టును. లూజాను కొండల ఘంటల మేళము ఇట్టిదే. ఒక్కొక్కని చేత ఒక్కొక్క ఘంట. ప్రతివాడు తన వంతు దెబ్బ మాత్రము వేయును. పాట ఏ ఒక్కని చేతిలోను లేదు, అందరి నడుమ ఉన్నది. అందులో ప్రధాన గాయకుడు లేడు. మసేడా ఈ సూత్రమును పదుగురి నుండి నూరుగురికి, వేలమందికి విస్తరింప బూనెను.

1968లో రచించిన ‘పగ్సంబా’ అను ఆరాధనా సంగీతమున 116 వాద్యములు, 100 మంది స్త్రీ పురుషుల కంఠములు, మరి 25 మంది పురుషుల కంఠములు, వెరసి 241 మంది పాల్గొనవలసి యుండెను. విశ్వవిద్యాలయ ప్రాంగణములోని గుండ్రని దేవాలయమున వారు శ్రోతల నడుమనే చెదరి కూర్చుండిరి. ఒకచోట కూర్చున్నవానికి వినవచ్చినది మరియొకచోట కూర్చున్నవానికి అట్లే వినరాదు. 1971 మార్చి 8న జరిగిన ‘క్యాసెట్లు 100’ ఇంకొక మెట్టు. నూరుమంది నూరు క్యాసెట్ యంత్రములు చేతబట్టి, మనీలాలోని సాంస్కృతిక కేంద్రపు విశాలమైన ముంగిట నడయాడిరి. ఒక్కొక్క యంత్రమున ఒక్కొక్క విధమైన ముద్రణ. సంగీతము మనుష్యులతో పాటు నడచెను.

నూరు యంత్రములు సమకూర్చుటకు శ్రమ కావలెను. కాని రేడియో అప్పటికే జనుల యిండ్లలో ఉన్నది. ‘ఉగ్నాయన్’ ఆలోచనకు ఇది మూలము. వెదురు తంత్రీవాద్యములు, వెదురు కొమ్ములు, ఈలపిల్లనగ్రోవులు, కొయ్యపలకలు, ఘంటలు, కంఠస్వరములు, వీనితో 20 వేరు వేరు టేపులు సిద్ధము చేసిరి. ఒక్కొక్క టేపు ఒక్కొక్క స్టేషను వంతు. జనులు తమ రేడియోలను వెంటగొని కూడళ్లకును, ఉద్యానములకును రావలెనని, తలకొక స్టేషను పట్టవలెనని ప్రచారము జరిగెను. రేడియో పట్టుకొని నడచువాడు ఆ కొంతసేపు వాద్యకారుడయ్యెను. అతని చుట్టు ఉన్నవి ఎన్ని రేడియోలో అన్ని పొరల సంగీతము అతనికి వినవచ్చును. ఇంటిలో ఒంటరిగ కూర్చుండి ఒక్క స్టేషను విన్నవానికి లభించినది అందులో ఇరువదవ వంతు మాత్రమే. సంపూర్ణ రచన వినవలెనన్నచో పొరుగువాడు కావలెను.

ఇంతవరకు కథ రమ్యముగ నున్నది. కాని తేదీని మరువరాదు. అధ్యక్షుడు ఫెర్డినాండ్ మార్కోస్ 1972 సెప్టెంబరులో దేశమున సైనిక శాసనము విధించెను. పత్రికలను, రేడియో స్టేషన్లను మూయించి, పిదప తన అనుమతి పొందినవానినే నడువనిచ్చెను. అధ్యక్షుని భార్య ఇమెల్డా మార్కోస్ అండ లేనిదే ‘ఉగ్నాయన్’ ప్రసారమగుట దుర్ఘటము. స్వతంత్రములైన స్టేషన్లు అన్నియు ఒకే గంటను ఒక సంగీతకర్తకు విడిచిపెట్టుట మేమెరిగినంతలో ఎచ్చటను సులభము కాదు. నోరు కట్టుబడిన రేడియో అగుటచేతనే ఆనాడు అవి ఏకకంఠముగ పలికినవి. పొరుగువాని నడుమ సంబంధము పెంపొందింపబూనిన రచన, ఆ పొరుగువారిని భయపెట్టి పాలించు ప్రభుత్వపు ఉత్సవముగ గూడ పరిణమించెను. దేశ విదేశ విమర్శకులు నేటికిని ఈ విషయమును చర్చించుచునే యున్నారు.

మేము ఈ రెండు సత్యములలో దేనిని దాచుటకును ఇష్టపడము. ప్రభుత్వాశ్రయము పొందినంత మాత్రమున పల్లెల మేళము నుండి మసేడా గ్రహించిన సూత్రము అసత్యము కాదు. సూత్రము గొప్పదైనంత మాత్రమున ఆశ్రయమునకు చెల్లించిన వెల సున్న కాదు. అధికారి లేని సంగీతమును ఒక నగరమంతట వినిపించుటకు అధికారి ఆజ్ఞ కావలసి వచ్చెను. వేలకొలది జనులను కోరు కళకు ఈ చిక్కు సహజమైనది. రాజాస్థానములను ఎరిగిన మన సంగీత చరిత్రకు ఇది క్రొత్త కాదు.

మరుసటి యేడు, అనగా 1975లో, మసేడా ‘ఉద్లోత్-ఉద్లోత్’ అను రచనను విశ్వవిద్యాలయపు ఆరుబయట వినిపించెను. వందలకొలది విద్యార్థులు వెదురు వాద్యములతోను, కంఠములతోను అందు పాల్గొనిరి. విద్యుత్తు లేదు, ప్రసారయంత్రము లేదు. సులభమైన ఆ వాద్యములను కొద్దిపాటి అభ్యాసముతో ఎవరైనను వాయింపవచ్చును. మేము ఆ రచనను ‘ఉగ్నాయన్’ కన్న మిన్నగ నెంచుదుము.

1997లో ఫిలిప్పీన్ ప్రభుత్వము మసేడాను జాతీయ కళాకారునిగ గౌరవించెను. ఆయన 2004లో దివంగతుడయ్యెను. ఆయన సేకరించిన ధ్వనిముద్రణములు విశ్వవిద్యాలయమున భద్రపరుపబడినవి. 2007లో యునెస్కో వానిని ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చెను. ‘ఉగ్నాయన్’ టేపులను గూడ తరువాతి కాలమున ఒకటిగ కలిపి డిస్కుగ వెలువరించిరి. ఇప్పుడు దానిని ఎవరైనను తమ యింట కూర్చుండి ఆరంభము నుండి అంతము వరకు వినవచ్చును. ఇరువది వంతులును అందు ఉన్నవి. పొరుగింటి తలుపు తట్టవలసిన అవసరము మాత్రము అందు లేదు.